ఆదోని గూడు

ఆదోని లోవరాజుకు పొద్దున్నే కళ్ళు తెరవడానికి క్షణం చాలు. తానెవరో తెలియడానికి మాత్రం యాభై ఏడు నిమిషాలు పట్టేది.

కాకినాడ జగన్నాథపురంలో మిక్సీలూ గ్రైండర్లూ బాగుచేసే దుకాణం అతనిది. వయసు యాభై ఆరు. రెండేళ్ళ కిందట మెదడువాపు జ్వరం వచ్చి తగ్గింది కానీ, పోతూ పోతూ ఒక వింత జబ్బు అంటగట్టి పోయింది. నిద్రలోకి జారితే చాలు, జ్ఞాపకాలు పలక తుడిచినట్టు తుడిచిపెట్టుకుపోయేవి. మొదట్లో కొన్ని కొన్ని పోయేవి, రానురాను అన్నీ పోవడం మొదలైంది. మాట ఉండేది, చేతిలో పని ఉండేది. ఎవరి కొడుకో, ఎవరి మొగుడో, నిన్న ఏం కూర తిన్నాడో ఏదీ ఉండేది కాదు.

అలాంటివాళ్ళ కోసమే వంతెన అవతల ఉన్న స్మృతి పరిశోధనశాలవాళ్ళు గూడు కనిపెట్టారు. చెవి వెనక చొక్కా గుండీ అంత బిళ్ళ ఒకటి అతికిస్తారు. మనిషి మేలుకొని ఉన్నంతసేపూ అది జ్ఞాపకాలను పోగుచేస్తుంది. నిద్రపోగానే వాటిని గూటికి, అంటే పరిశోధనశాలవాళ్ళు ఊరూరా కట్టిన యంత్రాల గదుల్లో ఒకదానికి, పంపి భద్రం చేస్తుంది. మర్నాడు కళ్ళు తెరవగానే గూటినుంచి మళ్ళీ ఒక్కొక్కటే తెచ్చి, చిన్ననాటివి ముందు, నిన్నటివి చివర, వరసగా తలలో సర్దుతుంది. లోవరాజు జబ్బు ముదరకముందే నెల్లాళ్ళు కూర్చోబెట్టి, తలలో మిగిలినవన్నీ ఎత్తి గూట్లో పెట్టారు.

ఆ బిళ్ళ పెట్టుకున్నవాళ్ళు మొత్తం ముప్ఫై ఒక్క మంది. ముప్ఫై మందికి ఈ సర్దుడు రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆవులించి, ఒళ్ళు విరుచుకుని, దుప్పటి మడతపెట్టేసరికి మనిషి మళ్ళీ మనిషైపోతాడు. లోవరాజు ఒక్కడికే మొదట్లో ముప్ఫై ఎనిమిది నిమిషాలు పట్టింది. అక్కణ్ణుంచి నెలకో నిమిషం చొప్పున పెరుగుతూ, ఏడాదిన్నర దాటేసరికి యాభై ఏడుకి వచ్చింది.

అరవై దాటితే ఆట కట్టు. అంతసేపు పనిచేస్తే బిళ్ళ వేడెక్కి నరాన్ని కాలుస్తుంది కనుక, అరవయ్యో నిమిషంలో తనంతట తానే ఆగిపోయేలా చేశారు. ఆగిపోతే మనిషికి ఆ రోజంతా ఖాళీయే. అంతటితో పోదు. ఆ రాత్రి ఆ ఖాళీయే గూటికి చేరి పాతవాటి మీద కూర్చుంటుంది, యాభై ఆరేళ్ళూ చెరిగిపోతాయి. ముందే ఒక నకలు తీసిపెట్టుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మనిషి జ్ఞాపకాలకు నకలు తీయడం నేరమని అప్పటికే చట్టం వచ్చింది. ఆ చట్టం మంచిదే, కాకపోతే లోవరాజు గురించి తెలియక చేసింది.

అంటే మూడు నెలలు గడువు. ఈ లోపల జబ్బు మనిషిలో ఉందో, బిళ్ళలో ఉందో, దారిలో ఉందో తేల్చే పని హైమవతి నెత్తిన పడింది.

హైమవతికి ముప్ఫై నాలుగేళ్ళు. బిళ్ళలకూ గూళ్ళకూ మధ్య రాకపోకలు చూసే ఇంజనీరు. చిక్కుముడి కనబడితే అన్నం కూడా మరిచిపోయే రకం. ముందు బిళ్ళ మార్చింది, లాభం లేకపోయింది. జ్ఞాపకాలు మరీ ఎక్కువున్నాయేమో అనుకుంది. డెబ్భై ఎనిమిదేళ్ళ రిటైర్డు టీచరుగారొకరికి ఇంతకు రెండింతలున్నాయి, ఆయన రెండు నిమిషాల్లో లేచి పేపరు చదువుతున్నాడు. ఇంట్లో సిగ్నలు బాగోలేదేమో అని లోవరాజును పరిశోధనశాలలోనే పడుకోబెట్టి లేపింది. అక్కడా అదే యాభై ఏడు.

"మీరు మిషన్‌ని ఊరికే అడుగుతున్నారండి మేడమ్‌గారూ," అన్నాడు లోవరాజు ఆ రోజు, పూర్తిగా తెలివిలోకి వచ్చాక. తోటి పనివాళ్ళతో మాట్లాడే మర్యాద ఉంది అతని గొంతులో. "అడిగితే చెప్పదండి. పక్కన కూచుని ఊరుకోవాలి. తప్పెక్కడుందో అదే చెప్పుద్ది, ఆయ్."

హైమవతికి ఆ మాట నచ్చింది. మర్నాటినుంచి పొద్దున్నే అయిదున్నరకల్లా వాళ్ళింటికి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది.

లోవరాజు భార్య పేరు నూకరత్నం. సన్నగా, చురుగ్గా ఉండే మనిషి. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, పరీక్షకు వెళ్ళేదానిలా తయారై ఉంది.

"ఇలా గుమ్మం పక్కన కూచోండమ్మాయిగారూ. మంచం దగ్గరికి మాత్రం వెళ్ళకండేం. కొత్తవాళ్ళంటే బెదిరిపోతారు."

"మీరు కొత్తవాళ్ళు కాదు కదా పిన్నిగారూ."

"ఈ టైములో నేనూ కొత్తదాన్నేనమ్మా. పక్కింటి అక్కనని చెప్పుకుంటాను. పెళ్ళాన్నంటే ఓ రోజు గోడ దూకి పారిపోబోయేరు."

అయిదూ నలభైకి లోవరాజు కళ్ళు తెరిచాడు. మొదటి రెండు మూడు నిమిషాలు దూలాన్ని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత పెదవి వణికింది. యాభై ఆరేళ్ళ మనిషి, చెంపలు నెరిసిన మనిషి, మంచం మూలకు ముడుచుకుని "అమ్మేదీ?" అని ఏడుపు ఎత్తుకున్నాడు. నాలుగేళ్ళ పిల్లవాడి ఏడుపది. ఏడుపూ నాలుగేళ్ళదే, భయమూ నాలుగేళ్ళదే. నూకరత్నం నాలుగడుగుల దూరంలో పీటమీద కూర్చుని "వచ్చేత్తాది నాన్నా, బజారుకెళ్ళింది" అంటోంది. దగ్గరకు తీసుకుందామని చేతులు లేస్తున్నాయి, మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకుంటోంది. ముట్టుకుంటే ఇంకా బెదురుతాడు. హైమవతి తల వంచుకుని కాగితంమీద నిమిషాలు వేసుకుంది. వేసిన అంకెలు వంకరగా వచ్చాయి.

ఎనిమిదో నిమిషానికి ఏడుపు ఆగింది. పన్నెండో నిమిషానికి బడి ఎగ్గొట్టిన కబుర్లు. పద్దెనిమిదికల్లా గొంతు మారింది, కూర్చునే తీరు మారింది. ఇరవై కాగానే నూకరత్నం లేచి హైమవతి దగ్గరకు వచ్చింది.

"ఇంక మీరు కాసేపు వీధరుగుమీద కూచోండమ్మా. ఓ పది నిమిషాలు. తర్వాత పిలుస్తాను."

"నేను అన్నీ రాసుకోవాలి పిన్నిగారూ."

"ఈ పది నిమిషాల్లో ఏవుండదు. నేను పుస్తకంలో రాస్తాన్లెండి."

పరిశోధనశాలవాళ్ళు ఆమెకు ఒక నోటుపుస్తకం ఇచ్చారు, ఏ నిమిషంలో ఏం మాట్లాడాడో రాయమని. హైమవతి తిరగేసి చూసింది. ఏడాదిన్నరపాటు, ఇరవయ్యో నిమిషంనుంచి ముప్ఫయ్యో నిమిషం దాకా, ప్రతిరోజూ ఒకటే మాట రాసి ఉంది. 'ఏమీ మాట్లాడలేదు.' అరుగుమీద కూర్చున్న హైమవతికి లోపల మగగొంతు గబగబా మాట్లాడడం, ఆడగొంతు కిసుక్కున నవ్వడం స్పష్టంగానే వినబడింది. మొగుడూ పెళ్ళాల సంగతి మనకెందుకులే అనుకుంది.

ముప్ఫయ్యో నిమిషంలో పెళ్ళి జ్ఞాపకం వచ్చి చేరేది. అప్పటినుంచి "నూకరత్నం" అని పిలుపు. ఆ తర్వాత దుకాణం, కరెంటు బిల్లులు, మోకాళ్ళ నొప్పులు ఒక్కొక్కటే వచ్చి కూర్చునేవి. చివరికి "ఏమే, కాఫీ తెచ్చేదుందా?" అని గదమాయింపు వినబడితే సర్దుడు పూర్తయినట్టు లెక్క.

మూడో రోజున మిషను చెప్పేసింది.

బిళ్ళమీద ఆవగింజంత దీపం ఉంటుంది. జ్ఞాపకం ఒకటి చేరినప్పుడల్లా మిణుక్కుమంటుంది. మిగతా ముప్ఫై మందికి ఆ దీపం ఆగకుండా వెలుగుతున్నట్టే కనబడుతుంది, అంత వేగంగా వచ్చిపడతాయి. లోవరాజుకు మాత్రం మిణుకుకూ మిణుకుకూ మధ్య విరామం కంటికి తెలుస్తోంది. తమాషా ఏమిటంటే ఆ విరామం ఎప్పుడూ ఒకటే. తాటిముంజె రుచి లాంటి చిటికెడు జ్ఞాపకానికి ఎంతసేపో, మేనమామ పెళ్ళి మూడు రోజుల హంగామాకూ అంతే. బరువు వల్ల ఆలస్యమైతే పెద్దదానికి ఎక్కువసేపు పట్టాలి కదా. హైమవతి కాగితం మడిచి సంచిలో పెట్టి, కాఫీ కూడా తాగకుండా పరిశోధనశాలకు పరుగెత్తింది.

జ్ఞాపకం గూట్లో పెట్టిన రాయి కాదు, తలుచుకున్నప్పుడల్లా కొంచెం మారుతుంది. అందుకని పొద్దున్నే బిళ్ళ ప్రతి జ్ఞాపకాన్నీ విడివిడిగా 'నువ్వు నిన్నటిలాగే ఉన్నావా, మారావా?' అని అడిగి, జవాబు వచ్చాకే తెచ్చుకుంటుంది. ఒకదానికి జవాబు రానిదే రెండోదాన్ని అడగదు. సరుకులకు మనిషిని పంపి, ఉప్పు తెచ్చాక పప్పుకూ, పప్పు తెచ్చాక చింతపండుకూ పంపినట్టు. కొట్టు వీధి చివరే ఉంటే ఇబ్బంది లేదు. హైమవతి లోవరాజు కొట్టు ఎక్కడుందా అని చూసింది.

అతని గూడు ఆదోనిలో ఉంది.

కాకినాడ ఎక్కడ, ఆదోని ఎక్కడ! రాష్ట్రానికి ఆ కొసన ఒకటీ ఈ కొసన ఒకటీ. పైగా ఆ దారి పాతది, మధ్యలో పదకొండు మజిలీలు. ప్రతి ప్రశ్నా ఆ పదకొండు గుమ్మాలూ ఎక్కి దిగి వెళ్ళాలి, జవాబు మళ్ళీ అలాగే రావాలి. రోజూ కొత్త జ్ఞాపకాలు చేరేకొద్దీ ఈ ప్రయాణాలూ పెరుగుతాయి, నెలకో నిమిషం చొప్పున.

ఆమె ఆ కాగితం పట్టుకుని డాక్టర్ భానుమూర్తి గదిలోకి వెళ్ళింది. గూడు కనిపెట్టిన పెద్దమనిషి ఆయన. ఎంత తెలివైనవాడో అంత మెత్తని మనిషి.

"ఈయన గూడు ఆదోనిలో ఎందుకుంది సార్?"

భానుమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది నేను పెట్టిన నియమమేనమ్మా. ఎవరి జ్ఞాపకాలు వాళ్ళ సొంతూళ్ళో ఉంటే బాగుంటుందని. పుట్టిన నేలమీద భద్రంగా ఉన్నాయంటే వాళ్ళకీ నిశ్చింత కదా. ఫారంలో సొంతూరు ఏమని రాస్తే అక్కడికి దగ్గరి గదిలో పెట్టించాను."

మిగతావాళ్ళు పిఠాపురమనీ, సామర్లకోట అనీ, తుని అనీ రాశారు. అన్నీ చుట్టుపక్కలే కనుక పెద్దాయన మెత్తదనం ఎవరికీ తగల్లేదు. హైమవతికి కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ సాయంత్రమే లోవరాజు దుకాణానికి వెళ్ళింది.

"ఆదోనిలో మీకెవరున్నారు బాబాయిగారూ?"

"ఎవరూ లేరండి."

"మీరు పుట్టింది అక్కడా?"

"ఇక్కడేనండి, ఈ వీధిలోనే. మా నాన్నా ఇక్కడే పుట్టేడు. ఎప్పుడో మా ముత్తాత అక్కణ్ణుంచి వచ్చేసేడంటండి."

"ఎప్పుడైనా చూశారా ఆ ఊరు?"

"లేదండి. పత్తి బాగా పండుద్దంట."

"మరి ఫారంలో ఆదోని అని ఎందుకు రాశారండీ?"

లోవరాజు స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, ఇంత చదువుకున్న మనిషి ఇలా అడుగుతోందేమిటని జాలిగా చూశాడు. "సొంతూరేదంటే ఏం చెప్తామండి? ఇంటిపేరే ఆదోని. మాది ఆదోనేనండి, ఆయ్."

సొంతూరేదని హైమవతిని అడిగినా, మూడు తరాలుగా ఎవరూ గడప తొక్కని బొబ్బిలి పేరే చెబుతుంది.

తప్పు దొరికింది. గూడును ఆదోనినుంచి కాకినాడకు మార్చేస్తే సరి. కుటుంబంలో ఒకరు సంతకం చేస్తే ఒక రోజు పని. హైమవతికి కాళ్ళు నేలమీద నిలవలేదు. పక్క సందులోనే లోవరాజు ఇల్లు. పరుగులాంటి నడకతో వెళ్ళి నూకరత్నానికి చెప్పింది.

"ఇక మీకు పొద్దున్నే ఆ బాధ లేదు పిన్నిగారూ! రెండే రెండు నిమిషాలు. కళ్ళు తెరిచి దుప్పటి తీసేసరికి మీరెవరో తెలిసిపోతుంది."

ఆమె ఎగిరి గంతేస్తుందనుకుంది. నూకరత్నం చేటలో బియ్యం అలా చూస్తూ కూర్చుంది.

"అంటే మధ్యలోవి ఏవీ ఉండవా?"

"మధ్యలో ఏమిటండీ?"

నూకరత్నం బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసింది. తర్వాత చేట పక్కన పెట్టి, "రేపు పొద్దున్న అరుగుమీద కాదు, వంటింట్లో కూచోండమ్మా. తలుపు వెనకాల," అంది.

మర్నాడు హైమవతి వంటింట్లో తలుపు వెనక పీట వేసుకుని కూర్చుంది. దొంగతనంగా వింటున్నందుకు సిగ్గుగానే ఉంది కానీ, పిలిచింది ఇంటావిడే. ఇరవై రెండో నిమిషంలో లోవరాజు గొంతు సర్దుకున్నాడు. ఆ గొంతులో వయసు పాతికకు మించి లేదు.

"అక్కగారూ, మీకో మాట చెప్పొచ్చాండి? ఎవరితోనూ అనకూడదు మరి."

"అననులే బాబూ, చెప్పు."

"రామారావుపేటలో ఓ అమ్మాయుందండి. మా షాపుకి మిక్సీ తెచ్చింది. పేరు నూకరత్నం. అడిగితే బాగోదని, చీటీమీద పేరు రాయాలని అబద్ధమాడేనండి. మా షాపులో అసలు చీటీలే లేవు."

"పేరు తెలుసుకుని ఏం చేసేవ్?"

"ఏం చెయ్యలేదండి. మిక్సీ బాగుచేసేను. అడుగున నాలుగు స్క్రూలుంటాయి కదండీ, అందులో ఒకటి బిగించలేదు."

"అయ్యో, ఎందుకలాగ?"

"గడగడలాడుద్ది కదండీ. మళ్ళీ తెస్తాది." ఆ గొంతు తన తెలివికి తానే మురిసిపోయింది. "తెచ్చిందండి! నిన్న. మెళ్ళో తెల్లపూసల దండేసుకుంది. నేను ఒక్క ముక్క మాట్లాడలేకపోయేను. నాలిక పిడచగట్టుకుపోయింది. ఆ స్క్రూ బిగించి, ఇంకోటి వదులు చేసి ఇచ్చేసేను. మీరు పెద్దవారు, ఆడవారు. మీరెళ్ళి వాళ్ళింట్లో కాస్త మాట కదిపితే బాగుంటుందండి. నేను తాగను. పని వచ్చు. ఆ అమ్మాయి నవ్వితే నాకు రోజంతా పని కుదురుద్దండి, అది మాత్రం వాళ్ళకి చెప్పకండేం."

"అడిగి చూస్తాన్లే బాబూ."

"ఒప్పుకుంటాదంటారా?"

"ఒప్పుకుంటాదిలే."

తలుపు వెనక హైమవతి కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వో ఏడుపో తనకే తెలియలేదు.

లోవరాజు పూర్తిగా లేచి, కాఫీ తాగి, చక్కెర తక్కువైందని సణుక్కుని దుకాణానికి వెళ్ళాక ఇద్దరాడవాళ్ళూ వంటింట్లోనే కూర్చున్నారు.

"పెళ్ళై ఇరవై తొమ్మిదేళ్ళయిందమ్మాయిగారూ," అంది నూకరత్నం. "ఎవరడిగినా ఈయన చెప్పేదొక్కటే. మా అమ్మ చూపించింది, చేసేసుకున్నాను అని. నేనూ అదే అనుకున్నాను. మంచి మనిషే, ఏ లోటూ చెయ్యలేదు. కానీ నన్ను కావాలని చేసుకున్నారని నాకు తెలీదు. ఈ జబ్బొచ్చేక తెలిసింది."

"ఈ పది నిమిషాలూ ఆయనకు గుర్తుండవా?"

"ఉండవమ్మా. సర్దేటప్పుడు తలలో కొత్తవి అంటవని, బిళ్ళా పోగుచెయ్యదని మీవాళ్ళే చెప్పేరు కదా. మధ్యాహ్నం అడిగితే, నేనా, స్క్రూ ఏవిటే, నీకు మతిపోయిందా అంటారు. పొద్దున్న ఆ కుర్రాడు చెప్తాడు." ఆమె ఆగి, మెల్లిగా అడిగింది. "మీరు గూడు మార్చేస్తే వాడు ఉండడు కదా?"

ఉండడు. ఆ పది నిమిషాలూ కలిపి ఇరవై క్షణాల్లో దాటిపోతాయి.

"పూర్తిగా దగ్గరికి కాకుండా సగం దూరంలో పెడితేనో?" అంది నూకరత్నం. అడగకూడనిది అడుగుతున్నట్టు గోడవైపు చూస్తూ అడిగింది.

హైమవతి లెక్క వేసింది. చెయ్యవచ్చు. బెజవాడ గదిలో పెడితే పాతిక నిమిషాల్లో తేలుతుంది. అరవై గండం ఇప్పట్లో ఉండదు. ఆ కుర్రాడు రోజూ నాలుగు నిమిషాలు వచ్చిపోతాడు. నిజానికి ఇంజనీరుగా ఆమె చెప్పవలసింది కాకినాడ అనే. అయినా నోరు రాలేదు. "ఆలోచించుకోండి పిన్నిగారూ. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను. ఎల్లుండి వస్తాను," అని లేచింది.

ఆ సాయంత్రం ఇంట్లో భర్తను అడిగింది. "పెళ్ళిచూపుల రోజు నీకేం గుర్తుంది?" ఆయన బ్యాంకు ఉద్యోగి, టీవీలోంచి తల తిప్పి నిజాయితీగా ఆలోచించాడు. "మీ నాన్న పెట్టిన కాజాలు. ఎందుకు?" హైమవతి ఏమీ లేదంది. కానీ ఆ రోజు వంటింట్లో గిన్నెలు మామూలుకంటే గట్టిగా చప్పుడు చేశాయి.

మూడోనాడు పొద్దున్న ఆమె వెళ్ళేసరికి లోవరాజు అప్పుడే కళ్ళు తెరిచాడు. ఆ రోజు ఏడుపు మరీ ఎక్కువైంది. ఉరుములతో వాన పడుతోంది. "అమ్మా, అమ్మా" అంటూ చెవులు మూసుకుని, మంచం కిందికి దూరబోయి నుదురు కొట్టుకున్నాడు. నూకరత్నం ఉండబట్టలేక వెళ్ళి పట్టుకుంది. "నువ్వెవరు? వదులు, వదులు!" అని ఆమెను తోసేశాడు. ఆమె గోడకు తగిలి అక్కడే కూలబడింది. లేవకుండా, అక్కణ్ణుంచే, "వచ్చేత్తాది నాన్నా, ఇప్పుడే వచ్చేత్తాది" అంటూ కూర్చుంది. హైమవతి చేతిలో కాగితం లేదు. ఆ రోజు ఆమె నిమిషాలు లెక్కపెట్టలేదు.

ఎనిమిదో నిమిషంలో అతను శాంతించాక నూకరత్నం లేచి చీర దులుపుకుని వంటింట్లోకి వచ్చింది.

"కాకినాడలోనే పెట్టెయ్యండమ్మా."

"పిన్నిగారూ, బెజవాడైతే ఈ ఏడుపు రెండు నిమిషాలే ఉంటుంది..."

"రెండైనా ఏడుపు ఏడుపే. నాకు ప్రేమకబుర్లు వినిపించడానికి ఆ పసివాడు రోజూ తల్లికోసం ఏడవాలా? నాకేం హక్కుందమ్మా?" ఆమె కళ్ళు తుడుచుకోలేదు, అవి తడిగానే ఉన్నాయి. "వాడు చెప్పవలసింది ఏడాదిన్నరపాటు చెప్పేడు. చాలు. ఆ ఏడుపుతోపాటు వాణ్ణీ పంపించెయ్యండి."

ఇరవయ్యో నిమిషంలో హైమవతి అరుగుమీదకు వెళ్ళిపోయింది. ఆ రోజు లోపల ఏం మాట్లాడుకున్నారో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు కూడా.

గూడు మార్పు శనివారం పెట్టుకున్నారు. జ్ఞాపకాలన్నీ మనిషి తలలో ఉన్నప్పుడే, అంటే మెలకువగా ఉన్నప్పుడే, గూడును కదపాలి. ఆదోనిలో తీసి కాకినాడలో పెట్టడానికి నాలుగు గంటలు. ఈ నాలుగు గంటల్లో కునుకు పట్టిందంటే పోగుచేసినవి వెళ్ళడానికి గూడుండదు. జబ్బు చేశాక నూకరత్నం పగటి నిద్ర మాన్పించింది కానీ, అన్నం తిన్నాక లోవరాజుకు కునుకు ఇప్పటికీ ముంచుకొస్తుంది. భానుమూర్తి నియమాల్లో ఈ సంగతి లేదు. నూకరత్నమే ముందు చెప్పింది.

పదకొండు గంటలకు మొదలుపెట్టారు. పన్నెండున్నరకు క్యాంటీనులో భోజనం పెట్టారు. ఒంటిగంటకు లోవరాజు కళ్ళు బరువెక్కడం మొదలైంది. నూకరత్నం గిల్లింది. భానుమూర్తి స్వయంగా వచ్చి ఏదేదో మాట్లాడాడు, ఆయన గొంతు జోలపాటలా ఉండి పని ఇంకా చెడింది. హైమవతి తెరమీద అంకెలనొకసారీ లోవరాజు రెప్పలనొకసారీ చూస్తూ గోళ్ళు కొరుక్కుంది. అంకె నూటికి అరవై దగ్గర ఉంది, ఇంకా నలభై వంతులు ఆదోనిలోనే ఉన్నాయి. చివరికి నూకరత్నం క్యాంటీనులోకి వెళ్ళి, నెలరోజులుగా మూలపడి ఉన్న పిండి గ్రైండరును ఇద్దరిచేత మోయించుకొచ్చి మొగుడి ముందు దింపించింది.

"ఇది బాగవదంటున్నారండీ వీళ్ళు."

"ఎవడన్నాడు?" అని లోవరాజు నిటారుగా కూర్చున్నాడు. ఆ తర్వాత మూడు దాటేదాకా అతనికి నిద్ర ఊసే లేదు. గ్రైండరు తిరిగింది. ఆ పక్క తెరమీద నూరు పడింది.

"ఇప్పుడు పడుకోవచ్చు బాబాయిగారూ," అంది హైమవతి.

"ఇప్పుడు పడుకోమంటే ఎలాగండి, పనిలో ఉండగా?" అన్నాడు కానీ, తల దిండుకు ఆనడమే ఆలస్యం, గుర్రు పెట్టాడు. నాలుగున్నరకు లేపారు.

కళ్ళు తెరిచాడు. చెవి వెనక దీపం మిణుకుమనలేదు, ఆగకుండా వెలిగింది. హైమవతి గడియారం చూస్తోంది. నూకరత్నం ఎప్పటిలాగే నాలుగడుగుల దూరంలో నిలబడింది. అతని పెదవి ఒక్కసారి వణికి, వణికిందో లేదో తెలిసేలోపల ఆగిపోయింది. మొహంమీద ఏవేవో వచ్చిపోయాయి. ఎక్కడో ఒకచోట చిన్న నవ్వు మెరిసింది, అది ఏ వయసుదో నూకరత్నానికి తెలుసు. ఒక నిమిషం యాభై క్షణాలకు దీపం ఆరింది.

"టైమెంతే? షాపు తియ్యలేదు కదా ఇవాళ?" అన్నాడు.

భానుమూర్తి చప్పట్లు కొట్టాడు. హైమవతి కుర్చీలో వెనక్కి వాలి హమ్మయ్య అనుకుంది. నూకరత్నం మంచం పక్కన కూర్చుని, ఏడాదిన్నరగా ఏ పొద్దునా పట్టుకోలేకపోయిన ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకుని ఏడ్చింది.

"ఏవైందే? బాగయిందన్నారు కదా, ఏడుస్తావేం?"

"ఏం లేదండి. ఒక కుర్రాడు వెళ్ళిపోయేడు."

"ఎవడు?"

"మీకు తెలీదులెండి. రోజూ పొద్దున్నే వచ్చి కబుర్లు చెప్పేవాడు."

లోవరాజు లేచి కూర్చున్నాడు. "రోజూనా? నేనుండగానే?"

"మీరుండగానే. ఓ అమ్మాయిని చేసుకోవాలని వాడి పాట్లు. ఆ అమ్మాయి మిక్సీకి ఓ స్క్రూ బిగించకుండా వదిలేసేవాడంట, మళ్ళీ తెస్తాదని. మా నాన్న ఆ కంపెనీవాణ్ణి తిట్టని తిట్టు లేదండి పాపం."

గదిలో అందరూ అతనివైపే చూస్తున్నారు. లోవరాజు మొహం మెడ దాకా ఎర్రబడింది. భార్యను చూశాడు, భానుమూర్తిని చూశాడు, చివరికి సాటి పనివారు మీరైనా కాపాడరా అన్నట్టు హైమవతిని చూశాడు. హైమవతి గడియారంలోకి తల దూర్చేసింది.

"అదంతా మా అమ్మ చూపించింది," అన్నాడు.

"సరేలెండి," అంది నూకరత్నం. ఆ మాట చాలనుకున్నట్టే లేచి, అతని చెప్పులు వెతికి మంచం దగ్గర పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ కుర్రాడిని సాగనంపడం అయిపోయింది, ఇక ఇంటికి వెళ్ళి వంట చూసుకోవాలి అన్నట్టుంది ఆమె మొహం.

లోవరాజు ఒక చెప్పు తొడుక్కున్నాడు. రెండోది తొడుక్కోకుండా ఆగిపోయాడు. నేలమీదినుంచి చూపు తిప్పకుండా, ఎవరితోనో పేచీకి దిగినట్టు గట్టిగా, ఆ గదిలో అందరికీ వినబడేలా అన్నాడు.

"స్క్రూలు రెండుసార్లేనే. మూడోసారి లోపల తీగే కోసేసేను. అప్పటికీ నువ్వు నాతో మాట్లాడలేదు. ఇంక లాభం లేదని, మీ ఇల్లు ఎక్కడో కనుక్కుని మా అమ్మని పంపించేను. వెళ్ళనందమ్మ. రెండ్రోజులు అన్నం మానేస్తే వెళ్ళింది."